తెరచిన ద్వారం

వాయులీన విద్వాంసులలో అగ్రగణ్యులైన ద్వారం వేంకటస్వామినాయుడుగారు 1893లో బెంగుళూరులో జన్మించి, విశాఖపట్నంలో పెరిగారు. బాల్యంలోనే చూపు మందగించుటచే బడిచదువు ముందుకు సాగలేదు. అన్నగారు వేంకటకృష్ణయ్యగారు తమ్మునికి ఇంటివద్దనే ఫిడేలు నేర్పి, ఆత్మవిశ్వాసం కలిగించారు.

1919లో మహారాజా విజయరామ గజపతిరాజుగారు విజయనగరంలో సంగీత కళాశాలను స్థాపించారు. సంస్థానోద్యోగి చాగంటి జోగారావుగారి కుమారుడు, అంధుడైన గంగరాజు సంగీతవిద్య కొరకే దానిని నెలకొల్పారని ప్రసిద్ధి. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. అచ్చట విద్యార్థిగా చేరదలచి వచ్చిన నాయుడుగారి ప్రతిభను గుర్తించి, ఏకంగా ఆచార్య పదవినే ఇచ్చారు. 1936లో ఆయన ఆ కళాశాలకే అధ్యక్షులయ్యారు. 1957లో పద్మశ్రీ పురస్కారం పొంది, 1964లో కీర్తిశేషులయ్యారు.

ఇంటిలో లభించిన శిక్షణ, కళాశాలలో లభించిన ఆదరణ ఆ జీవితానికి రెండు రెక్కలు. 2016 నాటి చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ కళాశాలలలో వికలాంగ విద్యార్థులకు నూటికి 5 సీట్లకు తగ్గకుండా కేటాయించింది. కాని సీటు ఒక్కటే చాలదు. పాఠం చదివి వినిపించే మిత్రుడు, పరీక్ష వ్రాసిపెట్టే సహాయకుడు, మెట్లు లేని దారి ముందుగానే సిద్ధం కావాలి. మైలవరం పరిసర గ్రామాల నుండి అట్టి విద్యార్థి వచ్చిన నాడు, అతని లోపమును గాక శక్తిని ముందుగా చూచుట మన కర్తవ్యం.