చక్రాల కుర్చీలోని వైద్యురాలు: డాక్టర్ మేరీ వర్గీస్

పరదరామి, గుడియాత్తం ప్రాంతాల వారికి వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రి చిరపరిచితం. దాని చరిత్రలో చిరస్మరణీయురాలు డాక్టర్ మేరీ వర్గీస్.

1925లో కేరళలోని కొచ్చిలో జన్మించిన ఆమె వేలూరులో వైద్యవిద్య నభ్యసించి, అక్కడే వైద్యురాలిగా చేరారు. 1954 జనవరిలో జరిగిన వాహన ప్రమాదంలో ఆమె వెన్నుపాము దెబ్బతిన్నది. మెదడు ఆజ్ఞలను కాళ్ళకు చేరవేసే నాడీమార్గం అదే. దానితో నడుము క్రింది భాగం చచ్చుబడింది. ఇటువంటి గాయం దేహంతో ఆగదు. ఇతరులకు భారమైతిననే దిగులు మనస్సును క్రుంగదీస్తుంది. ఆ నిరాశను ఆమె కూడా అనుభవించారు.

శస్త్రవైద్య నిపుణులు పాల్ బ్రాండ్ ప్రోత్సాహంతో, చక్రాల కుర్చీలో కూర్చుండియే ఆమె కుష్ఠురోగుల వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. ఆమెను చూచి రోగులు ధైర్యం తెచ్చుకొన్నారు. పిదప ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో చికిత్స పొంది, న్యూయార్కులో హోవర్డ్ రస్క్ సంస్థలో పునరావాస వైద్యం నేర్చారు. తిరిగి వచ్చి వేలూరులో ఆ శాఖకు అధిపతి అయ్యారు.

1966లో అక్కడ పునరావాస కేంద్రం వెలసింది. నాడీమండలం దెబ్బతిన్నవారు తమ పనులు తామే చేసుకొనుటకు, జీవనోపాధి పొందుటకు అది తోడ్పడింది. 1972లో పద్మశ్రీ పురస్కారం అందుకొన్న ఆమె 1986లో కీర్తిశేషులైనారు.

గాయం మానినంత మాత్రాన వైద్యం ముగియదు. రోగి తన బ్రతుకుపై తిరిగి నమ్మకం పొందినప్పుడే అది పూర్తియగును. ఆమె జీవితమే ఇందుకు నిదర్శనం.