తలసరి లెక్కలో కనిపించని తలలు: ఆర్థికవేత్త అంబేడ్కర్

మన జిల్లాకు ఆయన పేరు ఊరికే రాలేదు. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టాలన్న ప్రతిపాదన బయటికి రాగానే మే 24న అమలాపురం భగ్గుమంది. మంత్రి ఇంటికీ, ఎమ్మెల్యే ఇంటికీ నిప్పు పెట్టారు. అయినా ఆ ఆగస్టులో పేరు ఖరారైంది.

బోర్డు మీద పేరు నిలబెట్టుకున్నాం. ఆ పేరుగల మనిషి చదివిన చదువును మాత్రం మనం అంతగా పట్టించుకోలేదు. రాజ్యాంగ నిర్మాత అంటాం, సరే. అంతకు ముందే ఆయన ఆర్థికవేత్త. జాతీయాదాయం మీద సిద్ధాంత వ్యాసం రాసినవాడు. ఏటా మన జిల్లాకు తలసరి ఆదాయం ఇంత అని ప్రభుత్వం ప్రకటించినప్పుడు, ఆ అంకెను ఎలా చదవాలో ఆయన జీవితం నుంచే నేర్చుకోవచ్చు.

బాబాసాహెబ్ 1891 ఏప్రిల్ 14న మౌలో పుట్టారు. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చుని, నీళ్ల కుండ ముట్టుకోకుండా చదువుకున్న పిల్లవాడు 1912లో బొంబాయిలో బి.ఏ. పూర్తిచేశారు. మరుసటి ఏడు బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. 1916లో అక్కడ ఆయన సమర్పించిన సిద్ధాంత వ్యాసం భారతదేశపు నేషనల్ డివిడెండ్ గురించి. ఇవాళ మనం జాతీయాదాయం అంటున్నదాన్ని అప్పటి ఆర్థికవేత్తలు ఆ పేరుతో పిలిచేవారు.

అప్పటికి ఈ లెక్క మీద పెద్ద పోట్లాటే నడిచింది. 1867-68 సంవత్సరానికి భారతీయుడి సగటు ఆదాయం ఏడాదికి 20 రూపాయలేనని దాదాభాయి నౌరోజీ లెక్కకట్టారు. జైల్లో ఖైదీని పోషించడానికయ్యే ఖర్చు కన్నా కూడా అది తక్కువని చూపించారు. 1901లో వైస్రాయి కర్జన్ అది 30 రూపాయలని వాదించాడు. దేశాన్ని ఎవరు దోచుకున్నారో తేల్చడానికి నౌరోజీ లెక్క గొప్ప ఆయుధం. అయితే సగటు అనేది సగటే. ఆ 20 రూపాయల్లో భూస్వామి వాటా ఎంత, పాలేరు వాటా ఎంత అన్నది ఆ అంకె చెప్పలేదు.

ఆదాయం ఒక్కటే చెప్పలేని సంగతి 1917లో ఆయనకే అనుభవమైంది. అమెరికాలో, లండన్‌లో చదివి బరోడా కొలువులో చేరిన మనిషికి ఆ ఊళ్లో అద్దె గది దొరకలేదు. పార్శీల వసతి గృహంలో తలదాచుకుంటే కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యాక కూడా తోటి అధ్యాపకులు కొందరు ఆయన తమ కుండలో నీళ్లు తాగడానికి అభ్యంతరపెట్టారు. జీతం అందుతోంది, లెక్క ప్రకారం ఆయన పేదవాడు కాదు.

అదే 1918లో చిన్న కమతాల మీద వ్యాసం రాశారు. కమతం చిన్నదవడం కాదు అసలు జబ్బు, భూమి మీద పనిలేని చేతులు ఎక్కువవడమేనని వాదించారు. పరిశ్రమలు పెరిగితేనే ఆ బరువు దిగుతుందన్నారు. 1923లో వచ్చిన రూపాయి సమస్య గ్రంథంలోనూ ఇదే చూపు. రూపాయి విలువ పడిపోతే దేశానికి లాభమని ఎగుమతిదారులు చెబుతుంటే, ధరలు పెరిగినంత వేగంగా కూలి పెరగదు గనుక ఆ లాభం కూలివాడి జేబులోంచే వస్తోందని ఆయన చూపించారు. దేశానికి లాభం అన్న మాట వినగానే దేశంలో ఎవరికి అని అడగడం ఆయన పద్ధతి.

ఆ ప్రశ్నను పుస్తకాల్లోనే వదిలేయలేదు. 1936లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టారు. 1937లో కొంకణ్ రైతులను పీడించే ఖోతీ విధానం రద్దుకు బిల్లు తెచ్చారు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి మండలిలో కార్మిక సభ్యుడిగా ఉండి 8 గంటల పనిదినం కోసం పనిచేశారు. 1947లో రాసిన రాష్ట్రాలు, మైనారిటీలు పత్రంలో వ్యవసాయాన్ని ప్రభుత్వ పరిశ్రమ చేసి, కులభేదం లేకుండా ఊరివాళ్లందరికీ భూమిని సాగుకివ్వాలని ప్రతిపాదించారు. ఓటులో అందరూ సమానమై, బతుకులో అసమానత కొనసాగితే ప్రజాస్వామ్యమే కూలుతుందని 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభను హెచ్చరించారు. 1956 డిసెంబర్ 6న కన్నుమూశారు.

ఇక మన కోనసీమకు వద్దాం. పది ఇళ్ల ఊరు అనుకోండి. ఒక ఇంటికి ఏటా 10 లక్షలు, మిగతా తొమ్మిదిళ్లకు 50 వేల చొప్పున వస్తుంది. ఇంటికి సగటు 1 లక్షా 45 వేలు. ఆ ఒక్క ఇంటి ఆదాయం 20 లక్షలైతే సగటు 2 లక్షల 45 వేలకు ఎగబాకుతుంది. తొమ్మిదిళ్లకూ ఒక్క రూపాయి పెరగలేదు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా సంపద పెరిగిన మాట నిజం. కానీ నాట్లు వేసిన చేతుల్లో ఎక్కువ వాటికి పట్టా రాలేదు. భూమి కింది గ్యాస్ విలువ జిల్లా ఉత్పత్తిలో చేరుతుంది. 1995లో పాసర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండినప్పుడు, 2014 జూన్ 27న నగరంలో పైప్‌లైన్ పేలి మనుషులు సజీవ దహనమైనప్పుడు పోయినదాన్ని ఆ లెక్క తీసివేయదు. రాజోలు, అమలాపురం నుంచి కువైట్‌కో దుబాయ్‌కో వెళ్లి ఇంటిపని చేసే ఆడవాళ్లు పంపే డబ్బు కూడా జిల్లా ఉత్పత్తిలో కనిపించదు, అది వేరే దేశంలో సంపాదన గనుక.

తలసరి అంకెను పారేయమని మేము అనడం లేదు. జిల్లాకూ జిల్లాకూ పోలికకు అది కావాలి. కానీ దాన్ని ఒంటరిగా వదలకూడదు. ఈసారి ఆ అంకె వచ్చినప్పుడు పక్కనే మరికొన్ని రాసుకుందాం. కొబ్బరి దింపు, వలుపు కార్మికుల కూలి ఎంత? మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్ల కూలి ఎంత? వ్యవసాయ గణనలో ఎస్సీల కమతాలు ఎన్ని, విస్తీర్ణం ఎంత? ఆ గణనలోకే రాని, సెంటు భూమి లేని కుటుంబాలు మన పేటలో ఎన్ని? కొత్తపేటలోనో రాజోలులోనో నలుగురు విద్యార్థులు కూర్చుంటే ఒక పేట లెక్క కొద్దిరోజుల్లో తీయొచ్చు. జిల్లాకు ఆయన పేరు ఉన్నందుకు ఆ పనైనా మనం చేయాలి.