రాబర్ట్ నోబుల్ దొరగారు: ఉద్యోగుల చందాతో నిలిచిన బడి

మన నల్లగొండ, పాలమూరు సంఘములలో బడి, హాస్టలు, ఆసుపత్రి అనగానే దూరదేశపు మిషను సొమ్మే గుర్తుకు వస్తుంది. కాని ఉన్న ఊరిలో ఉద్యోగం చేసేవారే చేయీ చేయీ కలిపి ఒక పరిచర్యకు పునాది వేసిన చరిత్ర తెలుగునాట ఉన్నది. ఈ శతాబ్ది సంవత్సరమున దానిని స్మరించుట మేలని తలంచుచున్నాము.

1841కి ముందే కృష్ణా, గుంటూరు సీమలలో ఈస్టిండియా కంపెనీ కొలువు చేస్తున్న కొందరు భక్తిపరులు, కలెక్టరు గోల్డింగ్‌హాం దొర మొదలైనవారు, తెలుగువారికి ఒక మిషను కావాలని చందాలు పోగుచేశారు. అది కంపెనీ ఖజానా సొమ్ము కాదు, తమ సొంత జీతాల సొమ్ము. వారి కోరికపై చర్చి మిషనరీ సొసైటీ 1841లో హెన్రీ ఫాక్సును, రాబర్ట్ నోబులును బందరుకు పంపింది.

నోబుల్ 1809లో ఇంగ్లండులోని లెస్టర్‌షైరులో ఒక గురువుగారి ఇంట జన్మించి, కేంబ్రిడ్జిలో చదివారు. 1843 నవంబరులో ఇద్దరే పిల్లలతో బడి తెరిచారు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందగా ఊరు అట్టుడికింది, బడి ఖాళీ అయింది. ఆయన చలించలేదు. పిల్లలు మెల్లగా తిరిగి వచ్చారు. ఫాక్స్ 1848లోనే మరణించగా, ఆయన చదివిన రగ్బీ పాఠశాలవారు ఆయన పేరిట బందరులో ఒక ఉపాధ్యాయుని పోషణకు చందాలు పంపారు. 1864 నవంబరు 1 నాటి ఉప్పెన బందరు సీమలో సుమారు 30,000 మందిని బలిగొన్నది. మరుసటి ఏడు అక్టోబరు 17న నోబుల్ అక్కడే కన్నుమూశారు. వివాహమాడలేదు. 24 ఏండ్లలో ఒక్కసారియైనా స్వదేశం వెళ్ళలేదు.

ఒక్క మాట దాచరాదు. ఆ బడి పై కులాల పిల్లలకోసం పెట్టినది. మాల, మాదిగ బిడ్డలకు అందులో చోటు దొరకలేదు. మనలో పెక్కుమందిమి అట్టి బిడ్డల సంతతివారమే. కనుక ఇచ్చిన చేతిని మెచ్చుకుంటూనే, ఆ కానుక ఎవరి గడప తొక్కకుండా దాటిపోయిందని కూడ అడుగవలెను.

నేడు 2013 నాటి చట్టము పెద్ద కంపెనీలు లాభములో 2 శాతము సమాజసేవకు వెచ్చించవలెనని చెప్పుచున్నది. మన జిల్లాలలో సిమెంటు, మందుల కర్మాగారములున్నవి. మన పిల్లలు వాటిలో కొలువు చేయుచున్నారు. కంపెనీవారిని అడుగుదము. అడుగుటకు ముందు మన జీతములనుండి నెలనెలా కొంత తీసి, లెక్క చూపి, ఊరి చివరి ఇంటి బిడ్డతో మొదలుపెట్టుదము. ప్రభువు ఆ కొద్దిపాటిని దీవించును గాక.