కొండ ఊళ్ల బాటసారి బెట్టీ

ఎండాకాలం సెలవులొస్తే చాలు, హిమాలయాల కింది కొండల్లో ఊరి నుంచి ఊరికి నడిచి రావడం ఇప్పుడు ఒక సరదా అయింది. మా స్టేషన్ ఘన్‌పూర్ లాంటి చిన్న ఊరి ఆడపిల్లలు కూడా, హైదరాబాదులో ఉద్యోగాల్లో చేరాక, నలుగురు కలిసి వెళ్లి వస్తున్నారు. మూడు నాలుగు రోజుల నడక. రాత్రికి ఎవరో పల్లెవాళ్లింట్లో పడక, వాళ్ల పొయ్యి దగ్గరే రొట్టె, తెల్లారితే ఇంకో ఊరు. మా వీధి అమ్మాయి ఒకతె మొన్న ఫోన్‌లో ఫొటోలు చూపించింది. మంచుకొండలు, మెట్లు మెట్లుగా పొలాలు, నెత్తిన గడ్డిమోపుతో ఒక ముసలమ్మ. ఆమె పేరేమిటని అడిగాను. తెలీదాంటీ అంది. ఆ పిల్లనేమీ అనను, నాలుగు రోజుల్లో ఎన్ని పేర్లని గుర్తుంటాయి? కానీ నాకు ఆ మాటతో బెట్టీ గుర్తొచ్చింది.

ఆదిలాబాద్ వైపు వాళ్లకు హైమన్‌డార్ఫ్ ఎవరో చెప్పే పనిలేదు. గోండులకు భూములిప్పించిన దొర అంటారు. ఆ పేరు వెంటే వినిపించే రెండో పేరు బెట్టీ ఎలిజబెత్, ఆయన భార్య. పుస్తకాల మీద మాత్రం ఈ ఇద్దరి పేర్లకూ సమానమైన చోటు లేదు. 1979లో గోండుల మీద వచ్చిన పెద్ద పుస్తకంలో కూడా రచయిత ఆయనే, ఎలిజబెత్ సహకరించినట్టు పక్కన ఒక మాట ఉంటుంది. ఆ ఒక్క మాట వెనక దాదాపు నలభయ్యేళ్ల నడక ఉంది.

ఆమె ఇంగ్లీషు పిల్ల. పుట్టింటి పేరు బర్నార్డో. క్రిస్టాఫ్ హైమన్‌డార్ఫ్‌ది వియన్నా, మనుషుల ఆచార వ్యవహారాలను దగ్గరుండి చూసి రాసే మానవశాస్త్రం ఆయన చదువు. పెళ్లికి ముందే, 1936-37లో, ఆయన నాగా కొండల్లో ఒక ఏడాది ఉండి వచ్చాడు. 1938లో ఇద్దరికీ పెళ్లయింది. మళ్లీ నాగా కొండలకే పోదామని 1939లో ఇండియాకు వచ్చారు. అంతలో యుద్ధం మొదలైంది. ఆస్ట్రియాను అప్పటికే హిట్లర్ మింగేశాడు కాబట్టి క్రిస్టాఫ్ చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ వాళ్ల లెక్కలో ఆయన శత్రుదేశస్థుడు. ఆ రోజుల్లో ఇంగ్లీషు చట్టం ప్రకారం పరాయి దేశం వాణ్ని పెళ్లాడిన ఆడదానికి భర్త దేశమే తన దేశం. కన్యాదానంతో గోత్రం మారడం మనకొక్కళ్లకే ఉందనుకుంటాం, అక్కడ ఏకంగా దేశమే మారేది! నిజాం రాజ్యం దాటి పోకూడదన్నారు. అలా మొదలైంది ఆ దంపతులకు తెలుగు నేలతో సంబంధం.

కూర్చోబెట్టిన చోట కూర్చోలేదు వాళ్లు. 1940లో నల్లమలలో చెంచుల మధ్య మకాం పెట్టారు. 1941లో గోదావరి ఒడ్డు పాపికొండల్లో కొండరెడ్ల దగ్గరకు వెళ్లారు. ఆ పాల్వంచ అడవులు అప్పుడు మన వరంగల్ జిల్లాలోవే. కొమురం భీమ్‌ను 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసులు కాల్చి చంపాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవలసిన అవసరం ప్రభుత్వానికి వచ్చింది. ఆ పని హైమన్‌డార్ఫ్ మీద పడింది. జైనూరుకు దగ్గర్లోని మార్లవాయిలో ఒక గుడిసె వేసుకుని ఇద్దరూ అక్కడే కాపురం పెట్టారు. ఊరి పెద్ద లచ్చు పటేల్ వాళ్లకు అండ. తర్వాత పుట్టిన కొడుకును ఆ పటేల్ పేరుతోనే ముద్దుగా పిలిచేవాళ్లని మార్లవాయిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

గోండుల ఇళ్లలో కట్నం లేదు, పిల్లనిచ్చిన వాళ్లకే మగపెళ్లివారు ఓలి ఇచ్చుకోవాలి. భర్త పోయిన ఆడది మళ్లీ పెళ్లి చేసుకుంటే వింతగా చూడరు. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం ఇంటికి వచ్చిన కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేస్తారు. భేటింగ్ అంటారు దాన్ని. తెల్లచీర కట్టుకుని, ముసుగేసుకుని, పెద్దల ముందు వంగి నడిచే ఆ కోడళ్ల వరస చూసినవాళ్లు మరచిపోలేరు. అన్నీ బంగారమేనని నేననను. ఇష్టం లేని పిల్లను ఎత్తుకుపోయి పెళ్లాడిన సందర్భాలూ వాళ్లలో ఉండేవి. ఇవన్నీ గోండుల పుస్తకాల్లో ఎంత వివరంగా ఉంటాయంటే, ఒక మగవాడు, అందులో తెల్లవాడు, చెట్టు కింద కూర్చుని పటేళ్లను అడిగి రాసుకుంటే అంత వస్తుందా అనిపిస్తుంది. పొయ్యి దగ్గరి మాటలు పొయ్యి దగ్గరే పుడతాయి. అక్కడికి వెళ్లగలిగింది బెట్టీయే.

1944లో భారత ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌కు మరో పని అప్పజెప్పింది. నిన్నటిదాకా అనుమానంగా చూసినవాళ్లే ఇప్పుడు సుబన్‌సిరి ప్రాంతానికి ప్రత్యేకాధికారిగా పంపారు. అస్సాం మైదానానికి ఉత్తరాన, ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్‌లో ఉందది. అప్పటికి అక్కడ రోడ్డనే మాటే లేదు. భార్యాభర్తలిద్దరూ కూలీల వీపుల మీద సామాన్లతో అడవిలో పడి నడిచారు. తడి అడవి, జలగలు, కొండ ఎక్కడం, దిగడం, వాగు దాటడం. దారిలో ఉన్నవి నిషీల ఇళ్లు. ఒకరితో ఒకరికి పాత పగలుండి, మనుషుల్ని పట్టుకుపోయి విడిపించుకోవడానికి మిథున్ అనే అడవిపశువుల్ని అడిగే కాలం అది. ఆ అడవి దాటాక, 5,000 అడుగుల ఎత్తున, ఒక్కసారిగా విశాలమైన లోయ. అపతానీల లోయ. ఇప్పటి జీరో పట్టణం అక్కడే.

ఆ లోయ వివరాలు చదువుతుంటే పల్లెలో పుట్టిన నాలాంటి వాళ్లకు ముచ్చటేస్తుంది. నాగలి లేదు, ఎద్దులు కట్టరు, బండి చక్రం తెలీదు. చేతి పనిముట్లతోనే మడులు చదును చేసి, వెదురు గొట్టాలతో, చిన్న కాలువలతో నీళ్లు మళ్లించి వరి పండించేవాళ్లు. గట్టు కూడా ఖాళీగా వదలరు, దాని మీద తైదలు నాటుతారు. ఊరి చుట్టూ వెదురు, పైన్ చెట్లు వాళ్లు పెంచినవే. ఇల్లు కట్టాలంటే అడవి మీద పడరు, తాత నాటింది మనవడు కొడతాడు. ఉప్పు దొరక్క, కొన్ని మొక్కలు కాల్చిన బూడిదతో నల్లటి ఉప్పు తయారు చేసుకునేవాళ్లు. ఏడు ఊళ్ల ఆ లోయ పండించిన వడ్లు చుట్టూ ఉన్న నిషీల అవసరం కూడా తీర్చేవి. బదులుగా పత్తి, పశువులు, పందులు వచ్చేవి.

ఆ మడుల్లో నారు, నాట్లు, కలుపు అన్నీ ఆడవాళ్ల చేతుల మీదుగానే. వంగిన నడుము ఎత్తకుండా నాటు వేసే ఆడవాళ్లను చూడాలంటే మనకు హిమాలయాలదాకా పోనక్కర్లేదు, ఘన్‌పూర్ చెరువు కింద చూస్తే చాలు. తేడా ముఖంలో ఉంది. అపతానీ ఆడవాళ్లు ముక్కు రెండు పక్కలా పెద్ద నల్లటి బిళ్లలు పెట్టుకునేవాళ్లు, నుదుటి నుంచి ముక్కు చివరిదాకా, గడ్డం మీదా పచ్చబొట్టు గీతలు. అందగత్తెలని పరాయివాళ్లు ఎత్తుకుపోకుండా ఇలా చేసుకున్నారని ఒక కథ. అందమే అదని ఆ ముసలమ్మలు అనుకునేవాళ్లట. 1970ల్లో వాళ్ల యువకులే ఆ ఆచారం ఆపేశారు. ఇప్పుడు వెళ్లే పర్యాటకులు ఆ ముఖాలున్న ముసలమ్మలనే వెతుక్కుంటూ పోయి ఫొటోలు తీస్తున్నారు.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. ఆ దంపతులు వెళ్లింది సరదాకు కాదు, అక్కడికి తన అధికారాన్ని చేర్చాలనుకున్న ప్రభుత్వం పంపితే వెళ్లారు. వాళ్లు నడిచిన బాటే తర్వాత రోడ్డయింది, ఆ రోడ్డు మీదే అంగళ్లు, ఆఫీసులు వచ్చాయి. నడిచి వెళ్లేవాడు మంచివాడైనంత మాత్రాన, వెనకాల వచ్చేవాళ్లంతా అలాంటివాళ్లే కాదు. ఈ సంగతి వాళ్లిద్దరికీ బాగా తెలుసుననే నా నమ్మకం. ఎందుకంటే హైదరాబాదుకు తిరిగొచ్చాక చేసిన పని చూడండి. నిజాం ప్రభుత్వానికి గిరిజన సలహాదారుగా ఉన్న ఆ నాలుగైదేళ్లలో ఆదిలాబాద్ గిరిజనులకు పట్టాల పని నడిచింది. 1949 నాటికి 11,000 పైగా కుటుంబాల పేర 1,60,000 ఎకరాలు రాశారు. మార్లవాయిలో 1943లోనే గోండు పంతుళ్ల శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు తయారయ్యాయి. తమ భాషలో తమవాడే చెప్పే బడి!

ఆ తర్వాత లండన్ వెళ్లిపోయారు. ఆయన విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. ఆమె ఏం చేసింది? దక్షిణాసియా జనజీవితం మీద ఎవరెవరు ఏం రాశారో వెతికి, పేర్చి, గ్రంథసూచి తయారు చేసింది. మొదటి సంపుటం 1958లో, రెండోది 1964లో, మూడోది 1970లో. కంప్యూటర్ లేని కాలం, చేత్తో కార్డులు రాసుకుని చేయవలసిన పని. పన్నెండేళ్లు! దాని అట్ట మీద మాత్రం ఆమె పేరు ఒక్కటే ఉంది. ఇది తెలిసినప్పుడు నాకెందుకో చెప్పలేనంత సంతోషం కలిగింది.

ఈలోగా నేపాల్ తలుపులు తెరిచింది. 1953లో హైమన్‌డార్ఫ్ షెర్పాల ఊళ్లకు చేరాడు, ఆ తర్వాతి యాత్రల్లో బెట్టీ కూడా ఉంది. ఎవరెస్టు ఎక్కేవాళ్ల సామాను మోసే మనుషులుగానే లోకానికి తెలిసిన షెర్పాలకు ఇళ్లూ వాకిళ్లూ, పొలాలూ పుణ్యాలూ ఉన్నాయని వివరంగా చెప్పింది ఈ యాత్రల వల్ల వచ్చిన పుస్తకమే, 1964లో. మగవాళ్లు టిబెట్ వైపు వ్యాపారానికి పోతే నెలల తరబడి ఇల్లు, పశువులు, పొలం ఆడవాళ్లవే. భూమి ముక్కలు కాకుండా అన్నదమ్ములిద్దరు ఒకే ఆమెను పెళ్లాడడం కొన్ని ఇళ్లలో ఉండేది. ఇక వంటింటి సంగతి. 12,000 అడుగుల పైన ఉన్న ఆ ఊళ్లకు ఆలుగడ్డ చేరింది పంతొమ్మిదో శతాబ్దంలో. దాని వల్ల తిండి మిగిలి, ఆ మిగులుతోనే బౌద్ధ మఠాలు లేచాయని ఈయన వాదన. తర్వాతి పరిశోధకులు కొందరు పూర్తిగా ఒప్పుకోలేదు. ఏమైనా ఆలుగడ్డ తురిమి రొట్టె కాల్చుకునే ఇల్లాలికీ, మఠం గోపురానికీ లంకె పెట్టి ఆలోచించడం నాకు నచ్చింది.

1976లో ఆయన రిటైరయ్యాక ఇద్దరూ మళ్లీ మన వైపు వచ్చారు. అరవై దాటిన వయసులో మళ్లీ కొండ ఊళ్ల తిరుగుడే. ఆదిలాబాద్‌లో తాము పట్టాలిప్పించిన భూములు చాలా చోట్ల పైనుంచి వచ్చినవాళ్ల చేతుల్లో కనబడ్డాయి. అదంతా 1982లో అచ్చయిన భారతీయ గిరిజనుల మనుగడ పోరాటం అనే పుస్తకంలో ఉంది. అపతానీల లోయకూ మళ్లీ వెళ్లారు. పశువులతో లెక్కలు చూసుకున్న లోయలో ఇప్పుడు నోట్లు, కాంట్రాక్టులు, కాలేజీ చదువులు. అక్కడివాళ్లు మనవాళ్లకంటే తమ భూమిని గట్టిగా నిలబెట్టుకున్నారు. బయటివాళ్లు అక్కడ భూమి కొనడానికి వీల్లేకపోవడం ఒక కారణం. ఆదిలాబాద్‌లోనూ అలాంటి చట్టముంది, అమలే కరువైంది.

1987 జనవరిలో బెట్టీ హైదరాబాదులో చనిపోయింది. ఆమె సమాధి లండన్‌లో లేదు, మార్లవాయిలో ఉంది. రెండేళ్ల కింద మేం వెళ్లాం. ఇక్కణ్నుంచి కాజీపేట, అక్కణ్నుంచి ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్, తర్వాత బస్సులో కెరమెరి ఘాటు ఎక్కి జైనూరు. దారంతా టేకు చెట్లు, పత్తి చేలు. ఊళ్లో సమాధులు చూపించిన ముసలామె తెలుగు, గోండీ కలిపి మాట్లాడింది. బెట్టీని చిన్నప్పుడు చూసిందట. ఆమె పుస్తకాల సంగతి ఆ ముసలామెకు తెలీదు. ఎవరింటికి వచ్చేదో, ఎవరి తల్లితో కూర్చునేదో మాత్రం పేర్లతో సహా చెప్పుకొచ్చింది.

హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో పోయాడు. ఆయన అస్థికలను 2012లో తెచ్చి భార్య పక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న, బెట్టీ పోయిన రోజున, చుట్టుపక్కల గూడేల వాళ్లు అక్కడ చేరి ఇద్దరికీ కలిపి పూజ చేస్తారు.