పింగళి వెంకయ్య: మువ్వన్నెల జెండా వెనక ఓ మాజీ సైనికుడు.. చివరికి ఆయనకు దక్కిందేంటి?

ఆగస్టు 15 వచ్చిందంటే బందరు నుంచి నాగాయలంక దాకా ప్రతి బడి మీదా జెండా ఎగురుతుంది. ఆ జెండా రూపశిల్పి పింగళి వెంకయ్య మన కృష్ణా జిల్లా మనిషేనని చిన్న పిల్లాడిని అడిగినా చెబుతాడు. కానీ ఆయన ఓ మాజీ సైనికుడని ఎంతమందికి తెలుసు? పరాయి దేశంలో, పరాయి జెండా కింద యుద్ధానికి వెళ్లొచ్చిన మనిషి ఆయన. ఆ కథ తెలిస్తే మన జెండాను చూసే చూపే మారిపోతుంది.

కరణం గారి అబ్బాయి.. సైన్యంలోకి

1876 ఆగస్టు 2న మొవ్వ దగ్గర భట్లపెనుమర్రులో వెంకయ్య పుట్టారు. తండ్రి హనుమంతరాయుడు, తల్లి వెంకటరత్నమ్మ. తండ్రిది కరణీకం. తాతగారు చల్లపల్లి సంస్థానంలో ఉద్యోగి. బాల్యం దివిసీమలోని పెదకళ్లేపల్లిలో గడిచింది. ఆ తర్వాత బందరు హిందూ హైస్కూల్లో చదివారు.

అలాంటి ఇంట్లో పుట్టిన కుర్రాడు ఏ సర్కారు గుమాస్తాగానో స్థిరపడతాడని ఎవరైనా అనుకుంటారు. వెంకయ్య మాత్రం పంతొమ్మిదేళ్ల వయసులో బ్రిటిష్ సైన్యంలో చేరారని ఆయన జీవిత చరిత్రలు చెబుతున్నాయి. బోయర్ యుద్ధ కాలంలో సముద్రం దాటి దక్షిణాఫ్రికా వెళ్లారు. గాంధీతో ఆయనకు పరిచయం అయ్యింది అక్కడే. ఆ స్నేహం దశాబ్దాల పాటు నిలిచింది.

ఎవరి యుద్ధం? ఎవరి ప్రాణాలు?

1899 అక్టోబర్‌లో మొదలైన ఆ యుద్ధం 1902 మే నెలాఖరు వరకు సాగింది. ఒకవైపు బ్రిటిష్ సామ్రాజ్యం, మరోవైపు డచ్ మూలాలున్న బోయర్లు. గొడవంతా దక్షిణాఫ్రికా నేల మీద, దాని కింద ఉన్న బంగారం మీద పెత్తనం కోసమే.

బ్రిటిష్ వైపు దాదాపు 22 వేల మంది సైనికులు చనిపోయారు. వాళ్లలో సగానికి పైగా తూటాలకు పోలేదు. టైఫాయిడ్ లాంటి జబ్బులతో గుడారాల్లోనే ప్రాణాలు వదిలారు. బ్రిటిష్ సైన్యం బోయర్ల పొలాలు, ఇళ్లు తగలబెట్టి ఆడవాళ్లను, పిల్లలను శిబిరాల్లో పెట్టింది. అక్కడ 26 వేల మందికి పైగా చనిపోయారు. అందులో పిల్లలే ఎక్కువ. నల్లజాతి వాళ్ల కోసం పెట్టిన వేరే శిబిరాల్లోనూ వేల మంది పోయారు.

మనవాళ్ల పాత్ర కూడా తక్కువేం కాదు. గాయపడిన వాళ్లను మోయడానికి గాంధీ 1,100 మంది భారతీయులతో ఓ దళం కట్టారు. వాళ్లలో సుమారు 800 మంది ఒప్పంద కూలీలే. చెరకు తోటల్లో పనికి నాటాల్ వెళ్లిన అలాంటి కూలీల్లో తమిళులు, తెలుగువాళ్లు చాలామంది ఉండేవారు. కొలెన్సో, స్పియన్ కోప్ యుద్ధాల్లో గాయపడిన వాళ్లను ఈ దళం మైళ్ల కొద్దీ భుజాల మీద మోసింది. యుద్ధం అయ్యాక మెడల్స్ వచ్చింది మాత్రం దళ నాయకులు 37 మందికే!

ఇదీ వెంకయ్య వెళ్లొచ్చిన యుద్ధం. ప్రాణం మనది, జెండా మాత్రం వాళ్లది. యూనియన్ జాక్‌కు వందనం చేయాల్సి రావడం ఆయన మనసులో ముల్లులా గుచ్చుకుందని, మనకంటూ ఓ జెండా ఉండాలన్న ఆలోచన అక్కడే మొలకెత్తిందని చెబుతారు.

తుపాకీ వదిలి.. బందరు బడిలో పాఠాలు

సైన్యం నుంచి వచ్చాక వెంకయ్య ఒక్కచోట కుదురుగా ఉన్నది లేదు. రైల్వేలో గార్డుగా చేశారు. ప్లేగు నివారణ ఉద్యోగంలోనూ పనిచేశారు. మునగాలలో పత్తి మీద పరిశోధనలు చేసి పత్తి వెంకయ్య అయ్యారు. జపనీస్ భాష నేర్చుకుని జపాన్ వెంకయ్య అనిపించుకున్నారు. ఖనిజాలు, రత్నాల మీద పట్టు సాధించి వజ్రాల వెంకయ్యగా కూడా పేరు తెచ్చుకున్నారు.

1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల మొదలైంది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య దాని వెనక ఉన్నారు. వెంకయ్య అక్కడ అధ్యాపకుడిగా చేరారు. వ్యవసాయం, చరిత్ర చెప్పడమే కాదు, పిల్లలకు గుర్రపు స్వారీ, సైనిక శిక్షణ కూడా ఇచ్చేవారు. సైన్యంలో నేర్చుకున్నది ఆ రకంగా మన పిల్లలకే పనికొచ్చింది.

1916లో బందరు నుంచే ఆయన జాతీయ పతాకం మీద ఇంగ్లీషులో ఓ పుస్తకం తెచ్చారు. అందులో 30 రకాల జెండా నమూనాలు ఉన్నాయి. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం జోరుగా సాగుతోంది. ఆ యుద్ధానికి మన దేశం నుంచి 10 లక్షల మందికి పైగా విదేశాలకు వెళ్లారు. 70 వేల మందికి పైగా తిరిగి రాలేదు. వాళ్లంతా పోరాడింది కూడా పరాయి జెండా కిందే.

ఒకే ఏడాది.. ఢిల్లీలో రాయి, బెజవాడలో జెండా

ఇక్కడ ఓ విచిత్రం చూడండి. ఆ సైనికుల గుర్తుగా ఢిల్లీలో ఇప్పుడు మనం ఇండియా గేట్ అని పిలుస్తున్న కట్టడానికి 1921 ఫిబ్రవరి 10న పునాదిరాయి పడింది. సరిగ్గా అదే ఏడాది మార్చి ఆఖరులో బెజవాడలో కాంగ్రెస్ సమావేశం జరిగింది. గాంధీ అడిగితే వెంకయ్య ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నంతో జెండా తయారుచేసి ఇచ్చారు. గాంధీ సూచనతో దానికి తెలుపు కూడా చేరింది.

1931లో ఇండియా గేట్‌ను ప్రారంభించారు. కాంగ్రెస్ కాషాయం, తెలుపు, ఆకుపచ్చ జెండాను అధికారికంగా తీసుకున్నది కూడా ఆ ఏడాదే. 1947 జులై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో అశోక చక్రం ఉంచి, దాన్నే జాతీయ జెండాగా ఆమోదించింది. ఇండియా గేట్ మీద 13 వేలకు పైగా పేర్లు చెక్కి ఉన్నాయి. తమదంటూ జెండా లేకుండా యుద్ధాలకు వెళ్లి పోయిన వాళ్ల పేర్లు అవి.

చిట్టినగర్ గుడిసెలో చివరి రోజులు

స్వాతంత్ర్యం వచ్చింది. జెండా ఎర్రకోట ఎక్కింది. దాన్ని తయారుచేసిన మనిషిని మాత్రం అందరూ మర్చిపోయారు. చివరి రోజుల్లో వెంకయ్య విజయవాడ చిట్టినగర్‌లో గుడిసె వేసుకుని బతికారు. తిండికి కూడా ఇబ్బంది పడ్డారు. ఆ గుడిసె ఉన్న స్థలం కూడా సైన్యంలో పనిచేసినందుకు ప్రభుత్వం ఇచ్చిందేనట, జెండా ఇచ్చినందుకు కాదు.

1963 జనవరి 15న కె.ఎల్.రావు లాంటి పెద్దలు విజయవాడలో ఆయన్ను సత్కరించి కొంత నిధి అందించారు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆరు నెలలు తిరక్కుండానే, జులై 4న, 86 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. తన శవం మీద మువ్వన్నెల జెండా కప్పమని, శ్మశానం చేరాక దాన్ని తీసి అక్కడి రావిచెట్టుకు కట్టమని కోరారని చెబుతారు. 2009లో తపాలా శాఖ ఆయన పేరున స్టాంపు తెచ్చింది. అంటే ఆయన పోయిన 46 ఏళ్లకు!

ఈ కథ ఇప్పుడెందుకంటే..

సరిహద్దుల్లో మన జవాన్ ఎవరైనా చనిపోతే ఊరికి వచ్చే శవపేటిక మీద కప్పేది వెంకయ్య ఇచ్చిన ఆ రంగులనే. ఆ రోజు ఊరంతా కదులుతుంది. నాయకులొస్తారు, కెమెరాలొస్తాయి. కానీ బతికి తిరిగొచ్చిన సైనికుడి సంగతేంటి? పెన్షన్ కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే ముసలాయన్ని చూసి ఎంతమంది ఆగుతారు?

1949 నుంచి ఏటా డిసెంబర్ 7న సాయుధ దళాల పతాక దినోత్సవం జరుపుతున్నారు. ఆ రోజు చిన్న జెండాలు ఇచ్చి సేకరించే విరాళాలు మాజీ సైనికులకు, వాళ్ల కుటుంబాలకు చేరతాయి. ఈసారి ఎవరైనా ఆ చిన్న జెండా పట్టుకుని మీ దగ్గరికి వస్తే, ఒక్క నిమిషం చిట్టినగర్ గుడిసెను గుర్తుచేసుకోండి. మీ వీధిలో మాజీ సైనికుడెవరైనా ఉంటే ఈ ఆగస్టు 15న బడిలో జెండా ఎగరేయడానికి ఆయన్ను పిలవండి. వెంకయ్య బతికుండగా మనం చేయలేని పని అదే.