మహిళా మండలులకు ఊపిరి పోసిన దుర్గాబాయమ్మ

పల్లెల్లో పదిమంది ఆడవాళ్లు ఒకచోట కూర్చుని తమ ఊరి మంచిచెడ్డలు మాట్లాడుకోవడం ఈనాడు వింతకాదు. కాని గడప దాటితే తప్పుపట్టే రోజుల్లో ఆ అలవాటుకు పునాది వేసినవారిలో శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ ముఖ్యులు. ఆమె గోదావరి గడ్డ ఆడపడుచు కావడం మనకు గర్వకారణం.

ఆమె 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. యుక్తవయస్సు వచ్చాక ఆ బంధం నుంచి తప్పుకుని దేశసేవకు, చదువుకు అంకితమయ్యారు. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు దేవదాసీలు, ఘోషా స్త్రీలు ఆయన మాటలు వినాలన్నది ఆమె పట్టుదల. అందుకు నిర్వాహకులు 5 వేల రూపాయల నిధి అడిగితే, ఆ దేవదాసీల తోడ్పాటుతోనే సమకూర్చారు. గాంధీజీ ప్రసంగాన్ని తెలుగులో చెప్పింది కూడా ఆమే. అప్పటికి ఆమెకు పన్నెండో ఏడు.

ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని 1930-33 మధ్య మూడుసార్లు జైలుకు వెళ్లారు. మధుర జైలులో ఒంటరి కొట్లో గడిపారు. అక్షరం రాక, చట్టం తెలియక శిక్షలు అనుభవిస్తున్న ఆడ ఖైదీలను చూసి ఆమె మనసు కలత చెందింది. విడుదల కాగానే పుస్తకం పట్టారు. బెనారస్ మెట్రిక్ ప్రైవేటుగా ప్యాసయ్యారు.

బి.ఏ. చదవడానికి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళితే ఆడపిల్లలకు హాస్టలు లేదని చేర్చుకోలేదు. ఆమె వెనుదిరగలేదు. హాస్టలు లేక చదువు ఆగిపోయినవారు తనను కలుసుకోవాలని పత్రికలో ప్రకటన వేయించారు. పదిమంది దాకా ముందుకు వచ్చారు. అందరూ కలిసి తామే హాస్టలు నడుపుకున్నారు. సీటు రాక తప్పలేదు. 1942లో మద్రాసులో లా పూర్తి చేశారు.

మద్రాసులో 1937లో చిన్న బృందంగా మొదలైనదే ఆంధ్ర మహిళా సభ. ఇక్కడ ఆడపిల్లలను బెనారస్ మెట్రిక్‌కు తయారు చేసేవారు.

రాజ్యాంగ సభ సభ్యురాలిగా, ఆపై ప్రణాళికా సంఘం సభ్యురాలిగా పనిచేశారు. స్వచ్ఛంద సంస్థల సహాయానికి మొదటి ప్రణాళికలో 4 కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ సొమ్ము పంపిణీకి 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడగా ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు. ఆ ఏడే ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు.

1954 నుంచి బోర్డు పల్లెబాట పట్టింది. సుమారు 25 గ్రామాలను కలిపి ఒక ప్రాజెక్టు చేశారు. బాలవాడి, వయోజన స్త్రీలకు అక్షరాలు, కుట్టుపని, చేతిపనులు, గర్భిణులకు, బాలింతలకు సాయం ఇందులోని పనులు. అజమాయిషీ మాత్రం ఆఫీసర్లకు వదలలేదు. ఆ ప్రాంతపు అనధికార మహిళలతో ఏర్పడిన కమిటీలకే అప్పగించారు.

అయితే పెద్ద చిక్కు వచ్చిపడింది. గ్రామసేవికలుగా, మంత్రసానులుగా శిక్షణ ఇద్దామంటే పల్లెల్లో చదువుకున్న స్త్రీలే కరువయ్యారు. పట్నంవారు వచ్చి ఉండరు. దీనికి మందు ఆమె తన జీవితంలోనే వెదికారు. తాను వయసు వచ్చాక చదివినట్టే, మద్రాసులో చదివించినట్టే, మధ్యలో బడి మానినవారిని రెండేళ్లలో పరీక్షకు తయారుచేసే సంక్షిప్త విద్యాకోర్సులు 1958లో ప్రారంభించారు. వితంతువులకు, భర్త వదిలేసినవారికి ఇవి బ్రతుకుతెరువు చూపాయి.

1975లో పద్మవిభూషణ్ ఆమెను వరించింది. 1981 మే 9న కన్నుమూశారు. ఆ మరుసటి ఏడు, 1982లో, డ్వాక్రా పథకం మొదలైంది. నేటి పొదుపు సంఘాలకు ఆ పేరే నిలిచింది. నాటి మండలిలో కుట్టుమిషను ముఖ్యం. నేటి సంఘంలో బ్యాంకు పుస్తకం ముఖ్యం. పద్దు ఎవరో రాసి, వేలిముద్ర మనం వేస్తే సంఘం మన చేతిలో ఉన్నట్టు కాదు. సంఘంతోపాటు చదువునూ పల్లెకు తెచ్చిన దుర్గాబాయమ్మ జీవితం నేర్పే పాఠం ఇదే.