శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు

చెరువు నిండి మరవ పారితే బాగేపల్లి, చింతామణి పల్లెలకు పండుగే. కాని పారిపోయే నీటిని చూచి ఉసూరుమనని రైతును మేమెరుగము. మరవకు అడ్డుగా మట్టి పోసి రెండడుగులు నిలుపుదామంటే కట్ట తెగుతుందని భయం. ఈ చిక్కు విప్పినవారు మన చిక్కబళ్ళాపురం తాలూకా ముద్దేనహళ్ళిలో జన్మించిన విశ్వేశ్వరయ్యగారు. తెలుగింటి బిడ్డ, ప్రకాశం జిల్లాలోని మోక్షగుండం వారి ఇంటిపేరైంది. చిక్కబళ్ళాపురం, బెంగుళూరు, పూనాలలో చదివి 1884లో బొంబాయి సర్కారులో ఇంజనీరైనారు.

పూనాకు నీరిచ్చే ఖడక్‌వాస్లా జలాశయపు మరవమీద ఏటా ఆరేడు అడుగుల వరద పొర్లిపోయేది. కట్ట ఎత్తు పెంచడం తేలిక పని కాదు. నీటి ఎత్తు రెట్టింపైతే కట్టను నెట్టే బలం నాలుగింతలౌతుంది! నేడైతే కట్టను చిన్న చిన్న ముక్కలుగా భావించి, ఏ ముక్కపై ఎంత ఒత్తిడో కంప్యూటరుతో లెక్కిస్తారు. వారికి ఆ వసతి లేదు. అయితే వరదరోజుల్లో ఆ ఎత్తు నీటిని కట్ట ఎలాగూ మోస్తున్నదే గదా, దానినే నిలుపుకొంటే సరి అని గ్రహించారు. 1903లో తమంత తామే తెరచుకొనే తలుపులు మరవపై అమర్చారు. నీటిమట్టం హద్దు మీరితే తెరచుకొనేవి, తగ్గితే మూసుకొనేవి. కట్ట ఎత్తకుండానే నిల్వ సుమారు నాలుగోవంతు పెరిగింది.

1908 మూసీ వరద తరువాత హైదరాబాదుకు రక్షణ పథకం వేసినదీ, 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా ఉన్నదీ అందరికీ తెలిసినవే.

1961 జూలై 12న ఎగువనున్న పాన్షెత్ కట్ట తెగింది. ఆ తాకిడికి ఖడక్‌వాస్లా కట్టా తెగి పూనా మునిగింది. అది ఏ తలుపులూ వదలగల వరద కాదు. వారప్పటికి జీవించే ఉన్నారు. మరుసటి ఏప్రిల్‌లో కన్నుమూశారు. సమాధి ముద్దేనహళ్ళిలోనే, నందికొండ చెంత.